ఔనన్న మాట

మా ఇంటి ముందర నా మొగుని కోసం ఏడుస్తాండారు. నా మొగుడు గిరిబాబేమో కుప్పంలో, రాళ్ళు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో, నిక్షేపంగా డ్యూటీ చేస్తాండాడు.

ఈ మాట చెప్తే వినేవాళ్ళేరీ! పాలచెంబు చేతిలో పట్టుకొని ఆవులకొట్టం కాడ నిలబడి, "బతికే ఉండాడు, రాత్రి నాతో ఫోన్లో మాట్లాడినాడు" అని నేను అరుస్తా ఉంటే, రామసముద్రం అత్త పరిగెత్తుకొచ్చి నన్ను కావలించుకొనింది.

"అయ్యో నా తల్లీ, మతి చెడిపోయిందే నీకు! మొగుడు పోయిండేది కూడా తెలీకుండా పాలు పిండుకుంటా ఉండావే!"

చెంబు చేతిలోనుంచి జారింది. పొద్దుటి పాలన్నీ మట్టిలో కలిసిపోయినాయి.

రెండు ఆటోల జనం. తెల్లారకముందే రామసముద్రంలో బయల్దేరినారంట. మా అత్త నారాయణమ్మకు సొంత తమ్ముడు వరదరాజులు, నోటికి టవలు అడ్డం పెట్టుకొని, చేతిలో ఇంత లావు గులాబీ హారంతో దిగినాడు. ఆయన పెండ్లామే ఈ రామసముద్రం అత్త. "శవం కుప్పంలోనే ఉండాదా, తెచ్చినారా?" అని ఒకరు అడుగుతాండారు. "చిన్న వయసు కదప్పా, ఒక బిడ్డన్నా లేకపాయనే" అని ఇంకొకరు.

నాకు నవ్వొచ్చింది. నిజం చెప్తాండా, నవ్వే వచ్చింది. అప్పుడు మా అత్తను సూస్తి.

కసువుమోపు నెత్తిన పెట్టుకొని చేనుకాడ నుంచి వస్తా ఉండిన మనిషి, మోపుతో పాటే వాకిట్లో కూలబడిపోయుండాది. నోరు తెరుచుకోనుండాది గానీ శబ్దం రావడం లేదు. నా నవ్వు ఆడికాడికే ఆగిపోయింది.

"ఫోన్ చెయ్యండప్పా, ఆయప్పే చెప్తాడు" అంటి.

వరదరాజులు చేసినాడు. మోగింది, మోగింది, ఎవురూ ఎత్తలేదు. ఎట్లెత్తుతాడు? డ్యూటీలోకి పోయేటప్పుడు ఫోన్లు గేటుకాడే పెట్టించుకుంటారు ఆడ. ఈ ముక్క నేను చెప్పినా ఎవురి చెవికీ ఎక్కలేదు. ఫోను ఎత్తకపోవడమే సాక్ష్యం అయిపోయింది వాళ్ళకు. ఏడుపు ఇంకొంచెం పెరిగింది.

ఆఖరికి పక్కింటి సుమలత మొగుడు మురళి, వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకొని ఆ ఫ్యాక్టరీ గేటు నంబరు సంపాదించి, మనిషిని లోపల్నుంచి పిలిపించినాడు. ఫోను తెచ్చి మా అత్త చెవికాడ పెట్టినాడు.

"అమ్మా, నేనే. ఏమైందమ్మా? ఎవురికేమైంది?"

ఆ గొంతు విన్నాక ఏడ్సింది మా అత్త. ఆ ఏడుపు సూసి రామసముద్రం వాళ్ళందరూ తల దించుకొన్నారు.

ఇంక మిగిలిండే ప్రశ్న ఒకటే. గిరిబాబు సచ్చినాడని చెప్పిందెవురు?

అందరూ రామసముద్రం అత్త పక్క తిరిగినారు. ఆయమ్మ తగ్గుతాదా!

"నా కండ్లారా సూస్తి నేను ఈ బిడ్డను! నిన్న సాయంత్రం మదనపల్లె బస్టాండులో. తెల్లచీర కట్టుకోనుండాది. తల తడి ఆరలేదు. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు. కండ్లు ఎర్రగా వాచిపోయుండాయి. ఇద్దరు ఆడోళ్ళు చెరొక పక్క పట్టుకొని నడిపిస్తాండారు. బస్సులోనుంచి పిలిస్తి, ఇనపడలేదు. మీరే చెప్పండప్పా, ఎవురైనా ఏమనుకోవల్ల?"

ఇప్పుడందరూ నా పక్క తిరిగినారు.

ఏం చెప్పేది? ఆయమ్మ చెప్పిన దాంట్లో ఒక్క అబద్ధం లేదు. నేను పుంగనూరులో ఏసుప్రభువు సంఘానికి పోతాండేది ఊరందరికీ తెలుసు. నా కడుపు పోయినప్పుడు ఆస్పత్రిలో నా మంచం పక్కన కూర్చొని చేయి పట్టుకొనింది ఆ సంఘం నీలిమక్క ఒకతే, అప్పట్నుంచి పోతాండా. ప్రార్థనకు పోయేది వేరే, నీళ్ళల్లో దిగేది వేరే. నిన్న నేను నీళ్ళల్లో దిగినా. పుంగనూరు సంఘంలో తొట్టి లేదని బాప్తిస్మానికి మదనపల్లెకు తీసకపోయినారు. తెల్లచీర అందుకే. తడితల అందుకే. మా సంఘంలో నీళ్ళల్లో దిగినోళ్ళు బొట్టు, గాజులు పెట్టుకోరు. నీళ్ళల్లోనుంచి లేస్తానే నాకు ఏడుపొచ్చింది, సంతోషం పట్టలేక వచ్చిన ఏడుపు. ఏడుపుకు ముందర దారి కనపడకుంటే ఇద్దరక్కలు పట్టుకొని బస్టాండు దాకా నడిపించినారు.

బస్సు కిటికీలోనుంచి సూసిన మనిషికి అది మొగుడు పోయినదాని మాదిరి కనపడింది. మా పక్క ఎవురికైనా అట్లే కనపడతాది. నేను సూసినా అట్లే అనుకొనింటా.

రాత్రి ఇంటికొచ్చేసరికి అత్త పండుకొనింది. పొద్దన నేను లేసేసరికి కసువుకు పోయింది. ఇప్పుడు లేసి, కొంగుతో మొగం తుడుసుకొని, నా ముందరికొచ్చి, గడ్డం పట్టుకొని మొగం పైకెత్తింది.

"బొట్టేమైంది మే?"

"తీసేసినా అత్తా."

"ఎవురు తీసినారు?"

"నేనే. గాజులు కూడా నేనే తీసినా. తాళి ఉండాది సూడు" అని జాకెట్లోనుంచి బయటికి తీసి సూపిస్తి.

తాళి పక్క ఆమె సూడనే లేదు. నా నుదుట మీదనే ఉండాయి కండ్లు.

"మీ మామ పోయినప్పుడు నా బొట్టు తుడిచేదానికి ముగ్గురు పట్టుకోవల్సొచ్చింది. తెలుసునా నీకు? ఇంకొక్క పూట ఉండనీండమ్మా అని వాళ్ళ కాళ్ళు పట్టుకొన్యా. ఉండనిస్తిరా? నువ్వు మొగుడు బతికుండంగా నీ చేత్తో నువ్వే తుడుసుకొని వస్తివి!"

నేను నోరు మూసుకోనుంటే సరిపోయేది. నా నోరు ఊరుకుంటే గదా!

"బొట్టుంటేనే మొగుడు బతుకుతాడంటే, మామ యాల పోయినాడత్తా? నీ నుదుట రూపాయంత ఉండేదే."

అనేసినాక నాలిక కరుసుకొన్యా. కొడతాదనుకొన్యా. కొట్టలేదు. నా గడ్డం వదిలేసి, "నీళ్ళల్లో నువ్వు మునిగినావు గానీ నీ నోరు మునగలేదు మే" అని లోపలికి పోయింది.

ఆ మాట నిజం.

ఈ సందట్లో గులాబీహారం సంగతి అందరూ మరిచిపోయినారు. శవానికి తెచ్చిన హారం బతికినోని ఇంట్లోకి తీసకపోకూడదని వరదరాజులు కొట్టం గుంజకు తగిలించినాడు. మా ఎర్రావు మెడ సాచి, సగం హారం నమిలేసింది. "కొట్టండప్పా దాన్ని!" అని రామసముద్రం అత్త అరిచింది గానీ ఎవురూ కదల్లేదు. వేరే రోజైతే పడీపడీ నవ్వుకొనింటాం.

"బతికినోన్ని సచ్చినాడంటే ఆయుసు పెరుగుతాదిలే అక్కా" అని వరదరాజులు గడప కాడ నిలబడి లోపలికి చెప్పినాడు.

"పెరగనీ" అని లోపల్నుంచి అత్త. "నా ఇంటి ముందర శవం ఏడుపు ఏడ్సినారు. అది ఊరికే పోతాదా? పోయే దారి చెప్పు."

వరదరాజులు దారి చెప్పినాడు. పొద్దు మునిగేలోపల గిరిబాబు రావల్ల. మొగుణ్ణీ పెండ్లాన్నీ పక్కపక్కన నిలబెట్టి, ఐదుమంది ముత్తైదువులు కోడలికి పసుపు కుంకుమ పెట్టల్ల. ఏడ్సిన నోర్లతోనే అందరూ తీపి తినల్ల. అప్పుడు పట్టిన కీడు పోతాది.

"నేను పెట్టించుకోను" అంటి.

అత్త లోపల్నుంచి బయటికి రాలేదు. గొంతు మాత్రం వచ్చింది. "పెట్టించుకుంటే ఈ ఇంట్లో ఉండు. పెట్టించుకోకపోతే నీ బట్టలు మూటకట్టుకొని మీ వాల్మీకిపురం పో."

వాల్మీకిపురంలో నాకెవురుండారు? నిన్న రాత్రే మా నాయనకు ఫోన్ చేసి, నీళ్ళల్లో దిగిన సంగతి నేనే చెప్పినా. "మాకు బిడ్డ లేదనుకుంటాంలే" అని పెట్టేసినాడు. మాయమ్మ పక్కనే ఉండాది, దగ్గు ఇనపడింది. ఫోను తీసుకోలేదు.

*

మధ్యాన్నం చౌడేపల్లెలో ఆటో ఎక్కి పుంగనూరు పోయినా. నీలిమక్క మా పాస్టరుగారి భార్య, ఆడ స్కూల్లో టీచరు. నేను పోయేసరికి అన్నం బెల్లు కొట్టినారు. వరండాలో టిఫిను డబ్బా ముందర పెట్టుకొని కూర్చోనుండాది.

"వందనాలక్కా."

"వందనాలు. ఏమైంది శోభా, మొగం అట్లుండాదేమి?"

చెప్పినా. హారం ఆవు తినిందంటే నవ్వింది. మా అత్త కూలబడిందంటే కండ్లల్లో నీళ్ళు పెట్టుకొనింది. ఐదుమంది ముత్తైదువుల సంగతి చెప్పినాక కొంచెంసేపు డబ్బా మూతను అట్లా ఇట్లా తిప్పతా ఉండి, "పెట్టించుకో" అనింది.

నాకు సరిగ్గా ఇనపడలేదేమో అనుకొన్యా.

"ఏమక్కా?"

"పెట్టించుకో శోభా. దేవుడు హృదయం సూస్తాడు, నుదురు కాదు. రేప్పొద్దన కడుక్కుంటే పోతాది. ఇల్లు పోతే వస్తాదా? నువ్వు ఆ ఇంట్లో ఉంటేనే కదా ఆళ్ళకు ప్రభువు సంగతి తెలిసేది."

"మీరే ఇట్లంటే ఎట్లక్కా?"

"ఇంకోటి కూడా ఉండాది. దాచిపెట్టను." ఆమె గొంతు తగ్గించింది. "మీ ఊర్నుంచి నలుగురొచ్చి, మా కోడల్ని ఏం చేసినారని సంఘం మీద పడితే మేం ఏం చెప్తాం? సంఘంలో అందరూ మా మాదిరి చిన్నోళ్ళు. మా తాత మీ ఊరి చేన్లల్లోనే కూలి చేసినాడు. ఇప్పుడిప్పుడే ఆ మందిరానికి రేకులు ఏసుకొన్యాం."

ఆమె భయం నాకు అర్థమయింది. కాదని ఎట్లంటాను? కానీ నాకు నిన్నటి నీళ్ళు గుర్తొచ్చినాయి.

"నిన్న నేను నడుంలోతు నీళ్ళల్లో నిలబడుంటే పాస్టరయ్యగారు అడిగినారు కదక్కా. 'ఇంటోళ్ళు కాదన్నా, ఊరు కాదన్నా, వెనక్కి తిరగకుండా ప్రభువు వెంట నడుస్తావా' అని. నేను ఔనంటి. అందరూ ఇన్నారు. మీరు గట్టు మీద టవలు పట్టుకొని నిలబడుండారు."

"ఆ ప్రశ్న అందర్నీ అడుగుతాం శోభా" అనింది నీలిమక్క.

అనేసి, తానేమన్నదో తనకే ఇనపడినట్లు నా మొగం సూసింది. నేను స్కూలు గేటు పక్క సూసినా.

"అట్ల కాదు... నేనన్నది ఏందంటే..."

"అర్థమైందిలే అక్కా."

"నేను చిన్నప్పుడు మాయమ్మ చేయి పట్టుకొని పోయి ఔనన్యా" అనింది ఆమె మెల్లగా. "ఆ తర్వాత నన్ను ఎవురూ ఏమీ అడగలేదు. మా ఇంట్లో బొట్టు ఎప్పుడూ లేదు, కాబట్టి తీసేసింది కూడా ఏమీ లేదు. నీ చోట నేనుంటే ఏం చేసింటానో నాకు తెలీదు శోభా. నిజంగా తెలీదు."

బెల్లు కొట్టినారు. నా చేయి పట్టుకొని, కండ్లు మూసుకొని, ఒక చిన్న ప్రార్థన చేసి క్లాసులోకి పోయింది. డబ్బాలో అన్నం అట్లే ఉండాది. పాపం, నా వల్ల తినలేదు.

తిరిగొచ్చే ఆటో నిండా జనమే. నా పక్కన కూర్చోనుండిన పెద్దామె నా నుదురు సూసి, చేతులు సూసి, "ఎన్నాళ్ళయిందమ్మా పోయి?" అని అడిగింది.

"బతికే ఉండాడవ్వా" అంటి.

అయ్యో పాపం అన్నట్లు ఇంకొంచెం దగ్గరికి జరిగి నా ఈపు మీద చేయి ఏసింది. ఆ చేతిని తీసెయ్యబుద్ధి కాలేదు నాకు. పొద్దన్నుంచి మా ఇంటి మనిషి నన్ను ప్రేమగా ముట్టుకోలేదు, ఈ అవ్వ ముట్టుకొనింది, అదీ తప్పుగా అనుకొని.

కండ్లు మూసుకొని అడిగినా. ప్రభువా, అత్త పెట్టుకోమంటాండాది. నీ బిడ్డ నీలిమక్క కూడా పెట్టుకోమంటాండాది. నువ్వు ఒక్కమాట చెప్పు. పెట్టుకోమంటే పెట్టుకుంటా, వద్దంటే మానుకుంటా. నిన్న నీ ముందర చెప్పిన మాట నువ్వన్నా ఇన్యావా, లేకపోతే నువ్వు కూడా అందర్నీ అడిగేదే అడిగినావా?

ఆటో గతుకులో ఎగిరి పడింది. ఎవురో డ్రైవర్ని తిట్టినారు. ఇంకేమీ ఇనపడలేదు నాకు. నా కడుపు పోయిన రోజు కూడా అంత ఒంటిగా అనిపించలేదు.

*

గిరిబాబు నాలుగు దాటినాక వచ్చినాడు, పలమనేరు మీదుగా బండి తోలుకొని. మొగం నిండా రాతిదుమ్ము. అత్త ఆయప్ప తల, బుజాలు, చేతులు తడిమి తడిమి సూసి, నీళ్ళు తోడిచ్చింది.

నేను కొట్టంలో ఉంటి. వచ్చి గుంజకు ఆనుకొని నిలబడినాడు.

"ఏమ్మే, నేను పోయి ఎంతసేపయింది?"

"పొద్దన్నే పోయినావు. హారం కూడా తెచ్చినారు. ఎర్రావు తినేసింది."

పగలబడి నవ్వినాడు. నేనూ నవ్వినా. మా ఆయప్ప నవ్వితే నాకు ఏ కష్టమూ కష్టం మాదిరి ఉండదు. అట్లే నవ్వతా నవ్వతా నా నుదురు పక్క సూసి ఆగిపోయినాడు.

"నాకు ఒక్కమాట చెప్పలేదే శోభా."

"చెప్పినా. శనివారం ఫోన్ చేసి 'రేపు నీళ్ళల్లో దిగతాండా' అంటే 'దిగు దిగు' అన్నావు. నీకు తెలుసు కదాని రాత్రి ఫోన్లో మళ్ళా ఎత్తలేదు."

"గేటుకాడ లారీల రొదలో నాకేం తెలుసు! బాయికాడ బట్టలేమో అనుకొన్యా."

మళ్ళా నవ్వొచ్చింది గానీ ఇద్దరమూ నవ్వలేదు.

"ఒక్క పూట" అన్నాడు. "మాయమ్మ కోసం. ఆ ఐదుమంది ముందర పెట్టించుకో. రాత్రికి నేనే కడిగేస్తా. నీ సంఘానికి నువ్వు పో, నేను అడ్డం రాను. నేనెప్పుడన్నా అడ్డమొస్తినా?"

"రాలేదు."

"మరి?"

"మాట ఇచ్చినాను కదా."

"నా పానం కంటే ఎక్కువా అది?"

"నీ పానం కుంకుమలో లేదు."

"మాయమ్మకు ఉండాది మే! పొద్దన ఆ వాకిట్లో ఆమె పడిన పాటు నువ్వు సూడలేదా? ఆమెకు నిద్ర పట్టల్ల కదా ఈ రాత్రి!"

సూసినా. అందుకే నా కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. అత్త మీద కోపమే ఉండింటే నాకు ఇంత కష్టంగా ఉండదు.

"మాట, మాట అంటాండావు" అని ఆయప్ప గొంతు పెంచినాడు. "నాకు ఇచ్చిన మాటో? పెండ్లిలో ఇయ్యలేదా నాకు?"

"ఇయ్యలేదు" అంటి.

"ఏందీ?"

"నన్నెవురూ అడగలేదు. మా నాయన ఔనన్నాడు, మీ మామ వరదరాజులు ఔనన్నాడు. నన్ను తల వంచమన్నారు, వంచినా. తాళి పడింది. పుట్టినప్పట్నుంచి ఇంతే నాకు. చదువు మానుకుంటావా అని అడగలేదు, పెండ్లి చేసుకుంటావా అని అడగలేదు. నా జన్మలో ఒక మనిషి నా మొగం సూసి 'నీకిష్టమేనా' అని అడిగి, జవాబు కోసం ఆగి, నేను నా నోటితో ఔనని చెప్పిన మాట అదొక్కటే. దాన్ని ఎట్ల తప్పేది? తప్పితే నా సొంతమనేది ఇంక ఏముంటాది?"

చెప్పుకుంటా పోయినా. నాకు ఎంతో నిజమైన మాట చెప్పినట్లుండాది. ఆయప్ప మొగం సూసేటంతవరకూ అది ఎవురికి తగిలిందో నాకు తెలీలేదు.

"అయితే నన్ను నువ్వు ఔననలేదా?" అన్నాడు.

"నేను చెప్పేది అది కాదు..."

"ఇన్నేండ్లూ?"

మధ్యాన్నం స్కూలు వరండాలో నీలిమక్క కూడా ఇట్లే 'అట్ల కాదు' అనింది. నేను ఆమెను నమ్మలేదు. ఇప్పుడు నా మొగుడు నన్ను నమ్మలేదు. చేతికి అంటిన సొప్ప పొట్టు దులుపుకొని బయటికి పోయినాడు.

*

పొద్దు వాలతాండాది. వాకిట్లో పేడతో అలికి ముగ్గేసినారు. పసుపు, కుంకుమ, కొబ్బరి, పాయసం, అన్నీ సిద్ధం చేసింది మా అత్తే. పొద్దన్నుంచి పచ్చినీళ్ళు కూడా తాగకుండా చేసింది. అన్నీ చేసి, పళ్ళెం మాత్రం తాను ముట్టుకోకుండా సుమలతతో తీపించి, తాను పోయి కొట్టం మూలకు నిలబడుకొనింది. మొగుడు పోయిన మనిషి ఎదురుగా ఉండకూడదు కదా. తన కొడుకు కీడు పోయే పని ఆమె అంతదూరం నుంచి సూడవల్ల.

నన్ను గిరిబాబు పక్కన నిలబెట్టినారు. ఆయప్ప బుజం నా బుజానికి తగలకుండా ఒక జానెడు జరిగి నిలబడినాడు.

సుమలత ముందుకొచ్చింది. నాకు ఊర్లో ఉండే ఒక్క స్నేహితురాలు అదే. దగ్గరికొచ్చి, ఎవురికీ ఇనపడకుండా, "కండ్లు మూసుకో మే, అంటీ అంటనట్ల పెడతా, నీ దేవునికి కూడా తెలీదు" అనింది.

దాని ఏలు నా నుదుటి కాడికొచ్చింది. పక్కనే వరదరాజులు, రామసముద్రం అత్త, ఊర్లో సగం మంది. కొట్టం మూల మా అత్త చీరకొంగు నోట్లో కుక్కుకోనుండాది. ఒక్క క్షణం ఊరుకుంటే చాలు. ఇల్లుంటాది, మొగుడుంటాడు, ఆదివారం సంఘం కూడా ఉంటాది. సంఘమే పెట్టుకోమనింది.

సుమలత మణికట్టు పట్టుకొన్యా.

"వద్దు సుమా."

వాకిట్లో గుసగుసలు లేసినాయి. వరదరాజులు ఏదో అనబోయినాడు. గిరిబాబు చేయెత్తి ఆపినాడు.

"వద్దులే సుమలతా, పెట్టొద్దు. ఈమె ఔనని చెప్పిన మాట ఒక్కటే ఉండాదంట. అది నాకు చెప్పింది కాదు. నన్ను ఔనని అనని మనిషి నుదుట నా పేరు మీద కుంకుమ యాల?"

పోయి బండి తీసినాడు. నేను ముగ్గు తొక్కుకుంటా ఎనకాలే పరిగెత్తినా.

"నువ్వు అడగలేదు కదా!" అని అరిచినా. "ఒక్కసారన్నా అడిగింటే చెప్పింటా కదా! ఇప్పుడు అడుగు. అందరి ముందరా అడుగు, చెప్తా!"

బండి నిలిపి, ఇంజను ఆపకుండానే నా మొగం సూసినాడు. చానాసేపు సూసినాడు. అడుగుతాడనే అనుకొన్యా.

"ఇప్పుడు అడిగితే నేను ఒకటే అడుగుతా శోభా. కుంకుమ పెట్టించుకుంటావా?"

నేను నిలబడుకొన్యా. ఇంత పెద్ద నోరుండే దాన్ని, ఒక్క ముక్క రాలేదు.

బండి పలమనేరు దారి పట్టింది.

జనం ఒక్కొక్కరే పోయినారు. రామసముద్రం వాళ్ళు పాయసం ముట్టుకోకుండానే ఆటో ఎక్కినారు. సుమలత పళ్ళెం అరుగు మీద పెట్టి, నా పక్క సూడకుండా ఇంట్లోకి పోయి తలుపేసుకొనింది.

నేను లోపలికి పోయి బట్టలు మూటకట్టుకొన్యా. యాడికి పోవల్లనో తెలీదు. పుంగనూరుకు పోతే నీలిమక్క ఈ రాత్రికి పండుకోనిస్తాది, రేపు భయపడతాది. మూట తీసుకొని వాకిట్లోకొస్తే మా అత్త అరుగు మీద కూర్చోనుండాది. ఎదురుగా ఎవురూ లేరు కాబట్టి ఆమె కూర్చోవచ్చు ఇప్పుడు.

"కూర్చో" అనింది.

కూర్చొన్యా. మూట ఒళ్ళోనే ఉండాది. తిడతాదనుకొన్యా, ఏడుస్తాదనుకొన్యా. దారి పక్క సూసుకుంటా, పాలు పిండేది నేర్పించినట్ల మెల్లగా చెప్పింది.

"రేప్పొద్దన మురళి బెంగుళూరు పోతాడంట. వాడు బయల్దేరేటప్పుడు నువ్వు వాకిట్లోకి రావద్దు."

"యాల అత్తా?"

"సీమంతానికి పిలిస్తే పో. పోయి ఎనకాల కూర్చో. పసుపు పళ్ళెం నీ కాడికి వస్తాండాదంటే నువ్వే లేసి పక్కకు జరిగిపో. వాళ్ళు జరపకముందే జరిగితే అంత నొప్పి ఉండదు. పూలమ్మేది వచ్చినప్పుడు లోపల పనుండాదని పో. కొత్తల్లో పోవల్లని గుర్తుండదు, నేను దగ్గుతాలే."

"ఇవన్నీ నాకెందుకత్తా?" నా గొంతు నాకే కొత్తగా ఇనపడింది. "నాకు మొగుడుండాడు."

మా అత్త నా పక్క తిరిగి, బోసిగా ఉండే నా నుదురు మీద చేయి పెట్టింది.

"యాడుండాడు?" అనింది.